జెర్రీ జోన్స్‌ని ఎవరు తీసేస్తారు?

మావారు వై2కే రోజుల్లో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి పడ్డారు. అప్పట్లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఆడే టెక్సస్ స్టేడియం ఆ ఊళ్లోనే ఉండేది. సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరితోనైనా మాట కలపాలంటే ఆదివారం నాటి ఆట తెలిసుండాలి. అలా చూడటం మొదలైంది, చూడగా చూడగా అది భక్తి కింద మారింది. మా తమ్ముడు బోస్టన్‌లో చదువుకుని అక్కడే స్థిరపడ్డాడు కాబట్టి వాడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మనిషి. ఇప్పుడు మేముండేది ఫ్రిస్కోలో. తెలుగువాళ్ల ఇళ్లు వరసగా ఉండే ఈ ఊళ్లోనే కౌబాయ్స్ వాళ్ల ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఉన్నాయి. తమ్ముడు మా ఇంటికి ఎప్పుడొచ్చినా మొదటి పూట అమ్మా నాన్నల ఆరోగ్యం, స్థలాల రేట్లు. రెండో పూటకల్లా మాట జెర్రీ జోన్స్ మీదికి మళ్లుతుంది.

జోన్స్ కౌబాయ్స్ జట్టుకి యజమాని, అధ్యక్షుడు, జనరల్ మేనేజర్. మూడు కుర్చీలూ ఆయనవే. జనరల్ మేనేజర్ అంటే ఏ ఆటగాణ్ణి తీసుకోవాలి, ఎవరికెంత ఇవ్వాలి, ఎవర్ని వదులుకోవాలి అని తేల్చే మనిషి. మిగతా జట్లలో చాలావాటికి ఈ పనికి జీతం మీద ఒకణ్ణి పెట్టుకుంటారు. వాడు సరిగ్గా చేయకపోతే ఇంటికి పంపుతారు.

ఏళ్ల తరబడి విన్న వాదనల్ని ఇక్కడ ఒక్క చోట చేర్చాను. మావారి వైపు కొంచెం ఎక్కువ రాశానని తమ్ముడు అంటాడు. మావారు అది తక్కువే అంటారు.

తమ్ముడు: బావా, ఒకే ఒక్క ప్రశ్న. మీరు ఈ దేశం వచ్చాక కౌబాయ్స్ ఎన్ని సూపర్ బౌల్స్, అదే లీగ్ ఫైనల్స్, గెలిచారు?

మావారు: తెలిసి అడుగుతావేమోయ్. ఒక్కటీ లేదు.

తమ్ముడు: పోనీ ఆ ముందు మెట్టు, ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్?

మావారు: అదీ లేదు. 1996 జనవరిలో పిట్స్‌బర్గ్‌ని 27–17తో కొట్టారు, అదే ఆఖరు. నువ్వెప్పుడూ లెక్క 1996లో మొదలుపెడతావు. నేను 1989లో మొదలుపెడతాను. ఆ మనిషి కొనే నాటికి జట్టు ఎలా ఉందో చూడాలి కదా. ముందటి సీజన్‌లో మూడు గెలిచి పదమూడు ఓడారు. చమురు ధరలు పడిపోయి టెక్సస్‌లో బ్యాంకులు ఒక్కొక్కటీ కూలుతున్న రోజులవి. చమురు, గ్యాస్ తవ్వుకుని సంపాదించిన సొమ్ము పణంగా పెట్టి దాదాపు 14 కోట్ల డాలర్లకి కొన్నాడు. పిచ్చివాడన్నారు. 2025లో ఫోర్బ్స్ పత్రిక అదే జట్టుకి కట్టిన విలువ 1300 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఇంకే ఆటలోనూ ఇంత విలువైన జట్టు లేదు.

తమ్ముడు: పెరగడం అందరిదీ పెరిగింది. మా రాబర్ట్ క్రాఫ్ట్ పేట్రియట్స్‌ని 1994లో 17.2 కోట్లకి కొన్నాడు. ఇవాళ అదీ వందల కోట్ల ఆస్తే. మధ్యలో ఆరు సూపర్ బౌల్స్ కూడా వచ్చాయి. ఆస్తి పెరగాలంటే ట్రోఫీ వదులుకోవాలని ఎక్కడా రాసి లేదు.

మావారు: అందరిదీ ఎందుకు పెరిగింది? ఆ ఘనత ఎవరిది? 1993లో టీవీ ఒప్పందం గడువు తీరింది. నష్టాలొస్తున్నాయని ఛానెళ్లు మొత్తుకుంటుంటే పాతకాపు యజమానులు కాస్త తగ్గించి ఇద్దామా అని ఊగుతున్నారు. తగ్గించేది లేదని పట్టుబట్టినవాళ్లలో ముందున్నది జెర్రీ. కొత్తగా వచ్చిన ఫాక్స్ నాలుగేళ్లకి 158 కోట్ల డాలర్లు ఇచ్చి సీబీఎస్ చేతిలోంచి ఆ ఆటలు లాక్కుపోయింది. అక్కడ తెగిన ముడి మళ్లీ పడలేదు. తర్వాత 1995లో, లీగ్ మొత్తానికి ఒక కోలా కంపెనీతో ఒప్పందం ఉండగా ఈయన వెళ్లి తన స్టేడియానికి పెప్సీతో సంతకం చేశాడు. నైకీతోనూ చేశాడు. లీగ్ 30 కోట్లకి దావా వేసింది. ఈయన తిరిగి 75 కోట్లకి వేశాడు. చివరికి రాజీకొచ్చింది ఎవరనుకున్నావ్? స్టేడియం పేరు చెప్పి సొంతంగా వ్యాపారం చేసుకోవడం యజమానులందరికీ నేర్పింది ఈ మనిషే. మీ క్రాఫ్ట్ కూడా ఆ బళ్లో చదువుకున్నవాడే.

తమ్ముడు: ఇదంతా ఒప్పుకుంటాను. ఇంత గొప్ప అమ్మకందారు ఆ లీగ్‌లో ఇంకొకడు పుట్టలేదు. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు, న్యాయమే. నా గొడవ ఆ కుర్చీతో కాదు బావా, మూడో కుర్చీతో.

మావారు: ఆ మూడో కుర్చీలో కూర్చుని మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు.

తమ్ముడు: గెలిచింది జిమ్మీ జాన్సన్!

(ఈ పేరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ ఒక మెట్టు పైకి పోతాయి. విషయం ఇదీ. జోన్స్ కొన్న రోజునే, 1989 ఫిబ్రవరి 25న, జట్టు పుట్టినప్పటి నుంచి 29 సీజన్లపాటు కోచ్‌గా ఉన్న టామ్ లాండ్రీని తీసేశాడు. మైదానం అంచున టోపీ పెట్టుకుని కదలకుండా నిలబడే లాండ్రీ డల్లాస్‌కి ఇంటి పెద్దలాంటివాడు. ఆయన స్థానంలో ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో తనతో కలిసి ఆడిన జిమ్మీ జాన్సన్‌ని తెచ్చాడు. ఊరంతా తిట్టింది. లాండ్రీ కోసం డల్లాస్ వీధుల్లో ఊరేగింపు తీశారు.)

మావారు: లాండ్రీ వరసగా మూడు సీజన్లు గెలుపుల కంటే ఓటములు ఎక్కువ తెచ్చాడు. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. జెర్రీ విమానం ఎక్కి ఆస్టిన్ దగ్గర గోల్ఫ్ ఆడుతున్న లాండ్రీ ఎదురుగా వెళ్లి చెప్పాడు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాడు. మొదటి ఏడాది ఒక్కటంటే ఒక్క ఆట గెలిచి పదిహేను ఓడారు. ఇంకొకడైతే పరువు పోయిందని కోచ్‌ని మార్చేవాడు. మార్చాడా? నాలుగో సీజన్‌కి సూపర్ బౌల్ చేతిలో ఉంది, బఫెలో మీద 52–17. మళ్లీ ఏడాది అదే బఫెలో మీద 30–13.

తమ్ముడు: ఆ ఒక్క గెలుపు ఏడాదిలోనే జట్టులో ఉన్న ఒకే ఒక్క నక్షత్రం హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి బదులుగా బుట్టెడు డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే హక్కులు, తెచ్చుకున్నారు. ఆ ఆలోచన జిమ్మీది. ఆ పిక్‌లు తిప్పి తిప్పి ఎమ్మిట్ స్మిత్‌ని పట్టారు. అతను చివరికి 18,355 గజాలు పరిగెత్తి లీగ్ చరిత్రలోనే మొదటి స్థానంలో నిలిచాడు. కాలేజీ ఆటలో ఎవరి సత్తా ఎంతో జిమ్మీకి కరతలామలకం. జెర్రీకి సంతకం పెట్టడం తెలుసు.

మావారు: సంతకం పెట్టడం చిన్న విషయమా? ఊళ్లో జనం ఇష్టపడే ఒకే ఆటగాణ్ణి అమ్మేసి, రేపెప్పుడో వచ్చే పిల్లల మీద పందెం కాయడానికి ఎంత గుండె కావాలి! డబ్బు జిమ్మీది కాదుగా.

తమ్ముడు: సరే, చెరి సగం వేద్దాం. మరి 1994 మార్చిలో ఏమైంది? వరసగా రెండు సూపర్ బౌల్స్ గెలిచిన కోచ్. ఓర్లాండోలో లీగ్ సమావేశాలు. ఒక విందులో జెర్రీ గ్లాసు ఎత్తితే జిమ్మీ, ఆ బల్ల దగ్గరున్నవాళ్లు సరిగ్గా స్పందించలేదట. అంతే, రోజుల్లో ఇద్దరూ విడిపోయారు. రెండు ట్రోఫీలు తెచ్చినవాణ్ణి ఒక గ్లాసు దగ్గర పోగొట్టుకున్నాడు! మళ్లీ స్టేడియంలో జట్టు మహామహుల పేర్ల సరసన జిమ్మీ పేరు రాయించడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. ముప్ఫై ఏళ్ల అలక.

మావారు: జిమ్మీ మాత్రం అలిగేవాడు కాదా? ఇద్దరికీ పేరు కావాలి. ఇద్దరివీ ఒకే రకం బుర్రలు. పైగా జిమ్మీ వెళ్లాక కోచ్ బారీ స్విట్జర్‌తో ఇంకొకటి గెలిచాడు.

తమ్ముడు: జిమ్మీ పోగుచేసిన ఆటగాళ్లతో. వాళ్లు ముసలివాళ్లయ్యాక గెలుపులూ పోయాయి. బావా, ఇదంతా నాకు ఎలా కనిపిస్తుందంటే, ఒక నిర్మాత ఉన్నాడు. మంచి దర్శకుడు దొరికి రెండు సినిమాలు సంవత్సరం ఆడాయి. అప్పటి నుంచి కథా చర్చల్లో తనే, ఎడిటింగ్ గదిలో తనే, ఆడియో ఫంక్షన్‌లో అందరి కంటే ఎక్కువసేపు మాట్లాడేదీ తనే.

మావారు: ఆ నిర్మాత సినిమాలకి ముప్ఫై ఏళ్లుగా హౌస్‌ఫుల్ బోర్డు దిగలేదని కూడా చెప్పు మరి.

తమ్ముడు: నా బాధ సరిగ్గా అదే! ఆడకపోయినా టికెట్లు తెగుతుంటే కథ ఎందుకు మారుస్తాడు?

(తమ్ముడి వాదనలో నాకు బరువైనదిగా తోచేది ఈ ముక్కే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జాతీయ టీవీ డబ్బు 32 జట్లకీ సమానంగా పంచుతారు. గెలిచినవాడికి ఎక్కువ, ఓడినవాడికి తక్కువ అని లేదు. ఆటగాళ్ల జీతాలకి అందరికీ ఒకటే పరిమితి. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. అంటే జోన్స్ జట్టు లీగ్‌లో అన్నిటికంటే విలువైనదైనా ఆయన డబ్బు కుమ్మరించి ఆటగాళ్లని కొనుక్కోలేడు. ఉన్న పరిమితిలో ఎవరికెంత అని తేల్చే బుర్రే తేడా తెస్తుంది. కాబట్టి మూడో కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది చిన్న సంగతి కాదు.)

మావారు: మీ బోస్టన్‌లో మాత్రం ఏం జరిగింది? మీ బిల్ బెలిచిక్ కోచూ తనే, ఆటగాళ్లని ఎంచుకునేదీ తనే. ఆయన చేతిలో అన్నీ ఉంటే మేధావి, జెర్రీ చేతిలో ఉంటే మూర్ఖుడా?

తమ్ముడు: ఆరు సూపర్ బౌల్స్ తెచ్చాడు కాబట్టి మేధావి.

మావారు: తెచ్చింది మీ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. 2020లో బ్రేడీ టాంపాకి వెళ్లిపోయాడు. వెళ్లిన మొదటి ఏడాదే అక్కడ సూపర్ బౌల్ గెలిచాడు, కాన్సస్ సిటీ మీద 31–9. మీ బెలిచిక్ ఆ తర్వాత నాలుగు సీజన్లలో 29 గెలిచి 38 ఓడాడు. ఆఖరుది 4–13. బ్రేడీకి ముందు క్లీవ్‌లాండ్‌లో చేసినదీ అంతంత మాత్రమే, 36 గెలుపులు, 44 ఓటములు. కాబట్టి కోచూ లేదు, యజమానీ లేదు, జనరల్ మేనేజరూ లేదు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. వాడు తగులుతాడా లేదా అన్నదే ఆట. మీకు తగిలాడు, మాకు తగల్లేదు.

తమ్ముడు: బ్రేడీ 2000 డ్రాఫ్ట్‌లో 199వ వాడు. లీగ్ అంతా వాణ్ణి ఆరు రౌండ్ల దాకా వద్దనుకుంది, జెర్రీతో సహా. తగలడం కాదది. తర్వాతి ఏడు సెప్టెంబరులో అప్పటి మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోకి దెబ్బ తగిలింది. అంతకు ఆరు నెలల ముందే పదేళ్లకి 10.3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న మనిషి. బ్రేడీ లోపలికొచ్చాడు. నవంబరుకి బ్లెడ్సో కోలుకున్నాడు. పేరూ, డబ్బూ ఉన్న ఏ జట్టైనా అతణ్ణి వెనక్కి తెచ్చేది. బెలిచిక్ తేలేదు. ఆ నిర్ణయమే మా ఇరవై ఏళ్లూ. జెర్రీ అయితే చేసేవాడా?

మావారు: చేశాడు.

తమ్ముడు: ఎప్పుడు?

మావారు: 2016. ఆగస్టులో సియాటిల్‌లో మా క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకి వెన్ను విరిగింది. రోమో అంటే జెర్రీకి ప్రాణం. డ్రాఫ్ట్‌లో ఎవరూ పట్టించుకోని పిల్లాణ్ణి తెచ్చుకుని నిలబెట్టుకున్న జట్టు ఇది. నాలుగో రౌండ్లో తీసుకున్న డాక్ ప్రెస్కాట్ కొత్తగా బరిలోకి దిగాడు. నవంబరుకి రోమో ఆడటానికి సిద్ధం. అయినా డాక్‌నే ఉంచారు. 13–3. ఇప్పుడు చెప్పు, ఇది మీ 2001 కాదా? మక్కీకి మక్కీ!

తమ్ముడు: ...అది ఒప్పుకుంటాను.

(ఇలా నోరు మూయించడం మావారికి అరుదుగా దొరికే అవకాశం. కాబట్టి ఆ రోజు ఇంకో కప్పు కాఫీ అడిగి తాగారు. నాకు మాత్రం ఈ కథలో జాలేసేది బ్లెడ్సో మీద. బోస్టన్‌లో బ్రేడీకి చోటిచ్చి వెళ్లిన ఆ మనిషి తర్వాత డల్లాస్ చేరాడు. 2006 అక్టోబరులో న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట సగంలో అతణ్ణి పక్కన కూర్చోబెట్టి రోమోని పంపారు. రెండు ఊళ్ల కథల్లోనూ అతని పని లేచి చోటివ్వడమే. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ద్రాక్షతోటలు పెట్టుకుని వైన్ చేయిస్తున్నాడు, సుఖంగా ఉన్నాడు.)

తమ్ముడు: సరే, నిర్ణయం ఒకటే. ఫలితం ఎందుకు వేరైంది? మా వాడు ఆ ఏడే సూపర్ బౌల్ గెలిచాడు. మీ వాడు సొంత మైదానంలో గ్రీన్ బే చేతిలో 34–31తో పోయాడు.

మావారు: అదృష్టం. నవ్వకు. 2002 జనవరిలో ఓక్లాండ్‌తో మంచులో ఆట. బ్రేడీ చేతిలో బంతి జారింది, వాళ్లు పట్టుకున్నారు, ఆట అయిపోయింది. ఎక్కడో పుస్తకంలో ఉన్న టక్ రూల్ తీసి, కాదు, బంతి మీదే అన్నారు. 2013లో ఆ రూలే ఎత్తేశారు. మాకేమో 2015 జనవరిలో గ్రీన్ బేలో డెజ్ బ్రయంట్ గాల్లోకి లేచి బంతి పట్టుకుంటే పట్టలేదన్నారు. మూడేళ్లకి అలాంటిది పట్టినట్టే లెక్క అని రూలు మార్చారు. రెండు రూల్సూ తప్పేనని లీగే ఒప్పుకుంది. ఒకటి మీకు కలిసొచ్చింది, ఒకటి మమ్మల్ని ముంచింది. పైగా మీ వాళ్లు అదృష్టం చాలక కెమెరాలు కూడా పెట్టుకున్నారు. 2007లో ఎదుటి జట్టు సైగలు రికార్డు చేసి బెలిచిక్ 5 లక్షల డాలర్లు జరిమానా కట్టలేదూ? బంతుల్లో గాలి తీశారన్న గొడవలో బ్రేడీ నాలుగు ఆటలు ఇంట్లో కూర్చోలేదూ?

తమ్ముడు: కూర్చున్నాడు. కూర్చుని లేచి ఆ సీజన్‌లోనే 28–3తో వెనకబడ్డ సూపర్ బౌల్ 34–28గా గెలిచాడు. కెమెరాల సంగతి తప్పే, సమర్థించను. కానీ అదృష్టం ఒక ఏడు ఎత్తేస్తుంది, ఒక ఏడు ముంచుతుంది. ముప్ఫై ఏళ్లు వరసగా ముంచితే అది అదృష్టం కాదు. 2021, 22, 23 మూడు సీజన్లూ మీవాళ్లు 12–5. మూడుసార్లూ ప్లేఆఫ్స్‌లో దొర్లిపడ్డారు. ఆఖరుసారి సొంత మైదానంలో గ్రీన్ బే 48–32తో ఉతికి ఆరేసింది. అప్పటిదాకా ఏడో సీడ్‌గా వచ్చి గెలిచిన జట్టే లేదు.

మావారు: 12–5 జట్టుని కట్టింది ఎవరు? ఆ మూడో కుర్చీయే కదా. డ్రాఫ్ట్‌లో మా వాళ్లంత బాగా ఎంచేవాళ్లు లీగ్‌లో ఎంతమంది ఉన్నారు? డాక్‌ని 135వ స్థానంలో పట్టారు. మైకా పార్సన్స్, సీడీ లాంబ్, జాక్ మార్టిన్!

తమ్ముడు: జాక్ మార్టిన్ పేరు మీరే తెచ్చారు, థాంక్స్. 2014 డ్రాఫ్ట్‌లో జెర్రీకి కావలసింది జానీ మాంజెల్. టెక్సస్ కాలేజీ కుర్రాడు, పేపర్లనిండా ఫొటోలు, జెర్సీలు లక్షల్లో అమ్ముడవుతాయి. కొడుకు స్టీఫెన్, స్కౌట్లు అందరూ కలిసి ఆపారు. అందరూ పట్టుబడితే మార్టిన్‌ని తీసుకున్నాడు. మార్టిన్ తొమ్మిదిసార్లు మేటి ఆటగాళ్ల ఆట ప్రో బౌల్‌కి ఎంపికై రిటైరయ్యాడు. మాంజెల్ రెండు సీజన్లకే లీగ్‌లో లేడు. జెర్రీ మాట చెల్లనప్పుడు మీకు మార్టిన్ దొరికాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించేవాళ్లు రోజూ ఉండరు.

మావారు: విన్నాడు కదా! వినేవాణ్ణి పట్టుకుని వినడంటావేం?

తమ్ముడు: పార్సన్స్ సంగతిలో ఎవరి మాట విన్నాడు? లీగ్ మొత్తంలో క్వార్టర్‌బ్యాక్‌ల మీద అలా విరుచుకుపడేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఏజెంట్ లేకుండా కుర్రాణ్ణి గదిలో కూర్చోబెట్టుకుని లెక్క తేల్చేశాననుకున్నాడు. ఏజెంట్ ఒప్పుకోడు కదా, ఆయన పని అదే. నెలల తరబడి మైకుల ముందు మాటలు. చివరికి 2025 ఆగస్టు 28న, సీజన్ మొదలయ్యే వారం ముందు, గ్రీన్ బేకి ఇచ్చేశాడు. రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్. వాళ్లు అతనికి ఏడాదికి 4.7 కోట్ల చొప్పున రాసిచ్చారు. ఒక ఏడాది ముందే తేల్చి ఉంటే అంతకంటే తక్కువలో పోయేది.

మావారు: హెర్షెల్ వాకర్‌ని అమ్మినప్పుడు మేధావి అన్నారు, పార్సన్స్‌ని అమ్మితే మూర్ఖుడా? అప్పుడూ ఒక నక్షత్రాన్నిచ్చి పిక్‌లు తెచ్చుకున్నాడు.

తమ్ముడు: అప్పుడు ఆ పిక్‌లు జిమ్మీ చేతిలో పడ్డాయి. పైగా 1989లో జట్టులో ఇంకేమీ లేదు కాబట్టి అమ్మారు. ఇప్పుడు డాక్‌కి ఏడాదికి 6 కోట్లు, లీగ్ చరిత్రలోనే ఎక్కువ జీతం ఇస్తూ ఇప్పుడే గెలవాలనుకునే జట్టు. ఒక చేత్తో ఇవాళ గెలవాలంటాడు, ఇంకో చేత్తో రేపటి కోసం దాస్తాడు. మా బ్రేడీ మార్కెట్ కంటే తక్కువకి ఆడాడు, మిగిలిన దానితో పక్కవాళ్లని తెచ్చుకున్నారు.

మావారు: అప్పట్లో వాళ్లావిడ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సంపాదించే మోడల్. ఆ ఇంట్లో త్యాగం సులువు.

(ఇక్కడ ఇద్దరూ నావైపు చూశారు. నా జీతం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.)

తమ్ముడు: బావా, పార్సన్స్‌ని కొన్నది ఎవరో చూడండి. గ్రీన్ బే. లక్ష పైచిలుకు జనం ఉన్న ఊరు. ఆ జట్టుకి యజమానే లేడు. ఐదు లక్షల మందికి పైగా వాటాదారులు. డివిడెండ్ రాదు, వాటా అమ్ముకోవడానికి లేదు. ఆటని అర్థం చేసుకునే జనరల్ మేనేజర్‌ని పెట్టుకుంటారు, కుదరకపోతే మారుస్తారు. ఆ ఊరే మిమ్మల్ని 2015లో, 2017లో, 2024లో ఇంటికి పంపింది. యజమాని లేకపోవడం వల్ల వాళ్లకొచ్చిన లోటేమిటి?

మావారు: ఆ ఊరు 1920ల నాటి అద్భుతం. ఇంకొకటి అలా పుట్టదు, లీగ్ రూల్సే ఒప్పుకోవు. అక్కడ పనిచేసిందని ఇక్కడ పనిచేస్తుందా? 32 జట్లలో 31 జట్లకి యజమానులున్నారు.

తమ్ముడు: ఆ 31 మందిలో కొడుకునీ, కూతుర్నీ, తననీ కలిపి ఆఫీసు నడుపుతూ, మూడో కుర్చీని ముప్ఫై ఏళ్ల పైబడి వదలనివాడు ఎవరు?

ఈ మాట మీద నేను కల్పించుకున్నాను. వాళ్లిద్దరూ ఎప్పుడూ దాటేసే విషయం ఒకటుంది. 2022లో వాషింగ్టన్ పోస్ట్ ఒక పాత ఫొటో వేసింది. 1957 సెప్టెంబరులో నార్త్ లిటిల్ రాక్ హైస్కూల్ గుమ్మం దగ్గర నల్లజాతి పిల్లల్ని లోపలికి రానివ్వకుండా తెల్లపిల్లలు గుంపుగా అడ్డం నిలబడ్డారు. ఆ గుంపులో జెర్రీ జోన్స్ ఉన్నాడు. ఏం జరుగుతుందో చూడటానికి వెళ్లానన్నాడు.

మావారు: అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ వయసులో గుంపు వెనక నిలబడ్డందుకు ఎనభై ఏళ్ల మనిషిని బోనెక్కిస్తామా?

నేను: ఫొటోకి కాదండీ. ఆయన కొన్న నాటి నుంచి తొమ్మిది మంది హెడ్ కోచ్‌లు వచ్చారు. జాన్సన్, స్విట్జర్, గెయిలీ, కాంపో, పార్సెల్స్, ఫిలిప్స్, గారెట్, మెకార్తీ, ఇప్పుడు షాటెన్‌హైమర్. ఒక్క నల్లజాతి మనిషి లేడు. ఆడేవాళ్లలో సగం కంటే ఎక్కువమంది వాళ్లే. 2017లో జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చుంటే ఆడనివ్వనన్నదీ ఆయనే.

మావారు: అంతకు ముందు అరిజోనాలో గీతానికి ముందు జట్టుతో కలిసి తనూ మోకాలి మీద కూర్చున్నాడు.

తమ్ముడు: రెండు వారాలకి మాట మార్చాడు. అక్కడా అమ్మకందారే, బావా. ఎటువైపు కొనుగోలుదార్లు ఎక్కువున్నారో చూసుకున్నాడు.

మావారు దీనికి జవాబివ్వలేదు. ఇవ్వలేకో, ఇష్టం లేకో. కాసేపాగి వేరే దారి పట్టారు.

మావారు: ఈ ఊళ్లో ఆ మనిషి ఏం చేశాడో కూడా చూడాలి. 2016లో ఇక్కడ కట్టిన, పైకప్పు ఉన్న మైదానంలో ఫ్రిస్కో బడుల జట్లు ఆడతాయి. మన పిల్లలు బ్యాండ్‌లో బాకాలు పట్టుకుని అదే పచ్చిక మీద నడుస్తారు. ఏ దేశంలో బడి పిల్లలకి ఇలాంటి మైదానం దొరుకుతుంది?

తమ్ముడు: ఆ కట్టడానికి ఊరూ, బడులూ డబ్బు పెట్టాయి. ఇప్పుడు జట్టు ఆడే ఆర్లింగ్టన్ స్టేడియానికి 2004లో జనం ఓటేసి తమ పన్నుల్లోంచి 32.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. దానధర్మం కాదది.

మావారు: దానమని నేనన్నానా? బేరం అన్నాను. రెండు వైపులా లాభమున్న బేరం. పోనీ ఒకటి అడుగుతాను. జెర్రీని తీసేసి నీకిష్టమైన ఏ జనరల్ మేనేజర్‌నో తెస్తే, ఐదేళ్లలో సూపర్ బౌల్ వస్తుందని రాసిస్తావా?

తమ్ముడు: రాసివ్వను. ఎవరూ రాసివ్వలేరు. కానీ రాకపోతే ఆరో ఏట అతణ్ణి తీసేస్తారని రాసిస్తాను. నాకు కావలసింది అదే. నా బెలిచిక్‌ని చూడండి. ఆరు ట్రోఫీలు తెచ్చినవాణ్ణి ఒక్క 4–13 సీజన్ తర్వాత 2024 జనవరిలో క్రాఫ్ట్ సాగనంపాడు. బాధపడ్డాను, కానీ న్యాయమే అనుకున్నాను. మీ జట్టులో లాండ్రీని తీసేయొచ్చు, రెండు కప్పులు గెలిచిన జిమ్మీని తీసేయొచ్చు, పార్సన్స్‌ని అమ్మేయొచ్చు, 2025లో మెకార్తీనీ పంపేశారు. ఒక్క మనిషిని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. తప్పు ఆ ఒక్కడి దగ్గరే ఉంటే ఎలా బయటపడుతుంది?

మావారు: సొంత జట్టురా. నీ ఇంట్లోంచి నిన్ను ఎవరు తీసేస్తారు?

తమ్ముడు: యజమానిగా ఉండమనండి, కలకాలం ఉండమనండి. యజమానిగా ఉన్న జెర్రీకి జనరల్ మేనేజర్‌గా ఉన్న జెర్రీని తీసేసే ధైర్యం ఉందా అని నా ప్రశ్న. 1989లో లాండ్రీ ఎదురుగా వెళ్లి నిలబడ్డ మనిషే కదా. ఆ ధైర్యం ఏమైంది?

మావారు: లాండ్రీ మూడు సీజన్లు ఓడాడని తీసేశాడు... సరే, ఆ లెక్కన చూస్తే ఈయన కుర్చీ ఎప్పుడో పోవాలి. ఒప్పుకుంటాను. అయినా వచ్చే ఆదివారం నేను నీలం జెర్సీయే వేసుకుంటాను.

తమ్ముడు: వేసుకోండి. అందుకే ఆయన కుర్చీ పోదు.

ఈ వాదనలో నా తీర్పు కూడా రాసేస్తాను, ఇద్దరికీ నచ్చదని తెలిసే. బ్రేడీ, బెలిచిక్‌లలో ఎవరు గొప్పన్న తగువులో నేను మావారి వైపు. బ్రేడీ వెళ్లాక ఏం జరిగిందో చూశాక ఇంకా వాదించడం మొండితనం. రోమో, డాక్‌ల సంగతిలోనూ ఆయన చెప్పిందే సరి. జోన్స్ మీద మాత్రం తమ్ముడు చెప్పిందే నిజం. వ్యాపారిగా ఆయనకు హాల్ ఆఫ్ ఫేమ్ దక్కాల్సిందే. జనరల్ మేనేజర్‌గా ఆయన్ని ఇంకే యజమానైనా 2000 నాటికే ఇంటికి పంపేవాడు. జోన్స్ పుట్టింది 1942లో. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వస్తాడని అందరూ అనుకునేది కొడుకు స్టీఫెన్, అతణ్ణీ తీసేసేవాళ్లు ఉండరు.